పుస్తకము చదివి నివేదిక వ్రాయుట: మైకేల్ ఫారడే జీవితము నేర్పు పాఠము

వేసవి సెలవు లియ్యగానే పాఠశాల గ్రంథాలయపు బీరువాలకు తాళములు పడును. పరీక్షలు ముగిసినవి గనుక పుస్తకములతో పని తీరినదని పిల్లలు తలతురు. కొందరు ఉపాధ్యాయులు మాత్రము, సెలవులలో ఒకటి రెండు పుస్తకములు చదివి, వానిపై నివేదికలు వ్రాసి తెమ్మని చెప్పుదురు. బడి తెరచునాటికి కొన్ని నివేదికలు వచ్చును. వానిలో పెక్కింటియందు ముందుమాటలోని వాక్యములో, అట్ట వెనుక అచ్చయిన నాలుగు పంక్తులో యథాతథముగా దర్శనమిచ్చును. పుస్తకము చదువకయే నివేదిక వ్రాయవచ్చునని పిల్లవాడు గ్రహించును. ఈ శ్రమ అంతయు దండుగయని ఉపాధ్యాయుడు విసుగు చెందును. ఇందు తప్పు నివేదికది కాదు. అది దేని కొరకు వ్రాయవలెనో ఉభయులకును స్పష్టముగా తెలియకపోవుటయే లోపము.

ఈ విషయమును తేటపరచు జీవితమొకటి విజ్ఞానశాస్త్ర చరిత్రలో కలదు. లండను నగరములో పుస్తకముల బైండు పని నేర్చుకొనుచుండిన ఒక కుర్రవాడు, తాను చదివినదానిని, విన్నదానిని శ్రద్ధగా వ్రాసి పెట్టుకొని, ఆ వ్రాతల సాయముననే ప్రయోగశాలలో అడుగు పెట్టెను. విద్యుదుత్పాదక యంత్రములకును, ట్రాన్స్‌ఫార్మరులకును మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న మైకేల్ ఫారడే ఆ కుర్రవాడే.

అంగడియే పాఠశాల

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను దక్షిణ భాగమునగల న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి కమ్మరి. ఆరోగ్యము చెడి ఆయన తరచు పనికి పోజాలకుండెను. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు మైకేలు వంతుకు వారమున కొక్క రొట్టె వచ్చెడిదట. చదువుట, వ్రాయుట, లెక్కలలో మొదటి మెట్లు - బడిలో అతని కబ్బిన విద్య ఇంతమాత్రమే.

1804లో అతడు జార్జి రీబో అను పుస్తక విక్రేత కడ, ఇంటింటికి పత్రికలు అందించు పనికి కుదిరెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో, ఏడేండ్ల గడువుతో అదే అంగడిలో బైండింగు నేర్చుకొను శిష్యుడయ్యెను. పని నేర్పినందుకు యజమానికి రుసుము చెల్లించుట నాటి ఆచారము. కుర్రవాని నమ్మకమైన నడవడి చూచి రీబో ఆ రుసుమును కోరలేదు. రీబో చేసిన మేలు అంతటితో ఆగలేదు. బైండు కొరకు వచ్చిన పుస్తకములను కుర్రవాడు చదువుచుండగా ఆయన అడ్డు చెప్పలేదు.

అట్లు చేతికి వచ్చిన పుస్తకములలో రెండు ఫారడేను సైన్సు వైపు మళ్ళించినవి. ఒకటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వము. అందులో విద్యుత్తునుగూర్చిన వ్యాసము అతని నాకర్షించెను. రెండవది జేన్ మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర సంభాషణలు. ఒక ఉపాధ్యాయిని ఇద్దరు బాలికలతో మాటాడుచు రసాయనశాస్త్రమును బోధించు తీరున ఆ పుస్తకము నడచును. బాలికలు సందేహములు వెలిబుచ్చుదురు, తప్పుగా ఊహింతురు, మరల సరిదిద్దుకొందురు. ప్రశ్న వేయుట తప్పు కాదని ఆ పుస్తకమే కుర్రవానికి చెప్పినట్లున్నది.

ఇచ్చట గమనింపదగినది అతడు చదివిన తీరు. వారమునకు కొన్ని పెన్నీలు ఖర్చుపెట్టి చేయగలిగిన చిన్న చిన్న ప్రయోగములతో అతడు పుస్తకములోని మాటలను సరిచూచుకొనెడివాడు. గాజుసీసాతో విద్యుద్యంత్రమును చేసికొనెను. చాలకాలమునకు, 1858లో, మార్సెట్ మరణించిన తరువాత వ్రాసిన ఒక లేఖలో ఆయన ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనెను. బాల్యములో తాను లోతుగా ఆలోచించువాడను కాననియు, అరేబియన్ నైట్స్ కథలను, విజ్ఞాన సర్వస్వమును ఒకే విధముగా నమ్మగల ఊహాశీలుడననియు ఆయన చెప్పుకొనెను. చదివిన మాటను ప్రయోగముతో ఎదుర్కొని ప్రశ్నించు అలవాటే తన్ను కాపాడినదని ఆయన అభిప్రాయము.

వ్రాసి పెట్టుకొను పద్ధతి

ఐజాక్ వాట్స్ అను ఆంగ్ల రచయిత బుద్ధివికాసమునుగూర్చి వ్రాసిన గ్రంథమొకటి 1741లో వెలువడెను. పుస్తకములు చదువుట, ఉపన్యాసములు వినుట, తోటివారితో చర్చించుట, ఉత్తరములు వ్రాయుట, వీనినన్నిటిని జ్ఞానసాధనములుగా ఎట్లు వాడుకొనవలెనో అందు కలదు. ఫారడే దీనిని శ్రద్ధగా చదివి ఆచరణలో పెట్టెను. తన జ్ఞాపకశక్తి బలహీనమైనదని అతనికి తెలియును. మరచిపోవుదునను భయమే అతనిచేత కలము పట్టించినది.

1809-10లలో అతడొక నోటుపుస్తకమును ప్రారంభించెను. పత్రికలలోను, సమీక్షలలోను కనబడిన శాస్త్రవిషయములను, శిల్పవిషయములను అందులో ఎత్తి వ్రాసికొనెను. అది ఇంకను సేకరణ మాత్రమే. సొంత వ్రాత తరువాతి మెట్టు. 1810 ఫిబ్రవరి నుండి 1811 సెప్టెంబరు వరకు జాన్ టేటమ్ అను ఆయన తన యింట సాయంకాలములందు ఇచ్చిన శాస్త్రోపన్యాసములలో కొన్నింటికి ఫారడే హాజరయ్యెను. ఒక్కొక్క ఉపన్యాసమునకు రుసుము ఒక షిల్లింగు. ఆ సొమ్ము అన్న రాబర్టు ఇచ్చెడివాడు.

ఉపన్యాసములను వ్రాసికొను తన పద్ధతిని ఫారడే స్వయముగా వివరించినాడు. వినునప్పుడు ముఖ్యమైన మాటలు, పదార్థముల పేర్లు, ప్రయోగముల పేర్లు మాత్రమే గుర్తుగా వ్రాసికొనును. ఇంటికి వచ్చిన తరువాత వానిని పెంచి, వరుస కుదిర్చి, మరికొంత వివరముగా రెండవమారు వ్రాయును. పిమ్మట ఈ రెండింటి ఆధారమున ఉపన్యాసమునంతయు తిరిగి తన వాక్యములలో నిర్మించును. ఉపకరణముల బొమ్మలు సరిగా వేయుటకై, రీబో యింట నివసించుచుండిన ఒక ఫ్రెంచి చిత్రకారుని కడ చిత్రలేఖనము నేర్చుకొనెను. అట్లు సిద్ధమైన వ్రాతప్రతిని నాలుగు సంపుటములుగా తానే బైండు చేసి, రీబోకు అంకితమిచ్చెను.

ఈ పద్ధతిలో ఒక రహస్యమున్నది. విన్న మాటను విన్నట్లే దించుకొనువానికి ఏది తెలిసినదో, ఏది తెలియలేదో బయటపడదు. నాలుగు మాటల గుర్తునుండి ఉపన్యాసమును తిరిగి కట్టవలసివచ్చినప్పుడు, అర్థముకాని ప్రతిచోటను కలము ఆగును. ఆగినచోటనే అసలు చదువు ప్రారంభమగును.

నాలుగు ఉపన్యాసములు

రీబో ఈ సంపుటములను తన అంగడికి వచ్చు పెద్దలకు గర్వముతో చూపుచుండెను. వానిని చూచిన డాన్స్ అను యువకుడు తన తండ్రికి చూపుటకై తీసికొనిపోయెను. తండ్రియగు విలియమ్ డాన్స్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సభ్యుడు. కుర్రవాని శ్రద్ధకు సంతసించి, అచ్చట హంఫ్రీ డేవీ ఇచ్చు ఉపన్యాసములకు ఆయన టిక్కెట్లు ఇచ్చెను. పూర్వపు నివేదికలే ఆ టిక్కెట్లను సంపాదించిపెట్టినవనవచ్చును.

డేవీ ఆ కాలపు ప్రఖ్యాత రసాయనశాస్త్రజ్ఞుడు. సోడియమ్, పొటాసియమ్ లోహములను 1807లో విద్యుత్తు సాయమున వేరుచేసిన ఘనత ఆయనది. 1812 ఫిబ్రవరి 29 నుండి ఏప్రిల్ 10 వరకు జరిగిన నాలుగు ఉపన్యాసములను ఫారడే పై అంతస్తు గ్యాలరీలో కూర్చుండి వినెను. వెనుకటివలెనే వానిని విపులముగా వ్రాసి, బొమ్మలు చేర్చి, బైండు చేసెను.

ఆ సంవత్సరము జులైలో బెంజమిన్ ఆబట్ అను స్నేహితునకు ఉత్తరములు వ్రాయుట మొదలుపెట్టెను. తనకు వాక్యరచన సరిగా రాదనియు, ఉత్తరములు వ్రాయుటవలన అది చక్కబడుననియు అతని ఆశ. మొదటి ఉత్తరములోనే ఒక ప్రయోగ వర్ణన కలదు. ఏడు రాగి అర్ధపెన్నీ నాణెములు, ఏడు తుత్తునాగపు బిళ్ళలు, వాని నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలు పేర్చి అతడొక విద్యుద్ఘటమాలను చేసెను. దానితో మెగ్నీషియమ్ సల్ఫేటు ద్రావణమును విడగొట్టెను. తాను చేసిన పని, చూచిన ఫలితము, వచ్చిన సందేహము - ఇవి ఆ ఉత్తరములోని విషయములు.

1812 అక్టోబరుతో బైండింగు శిక్షణ గడువు తీరెను. మరియొక యజమాని కడ కూలికి చేరక తప్పలేదు. పని ఎక్కువ, తీరిక తక్కువ. సైన్సుకు సంబంధించిన ఎంత చిన్న పనియైనను చాలునని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు విన్నపము వ్రాసిచూచెను. ప్రత్యుత్తరము రాలేదు. ఆ ఏడు చివర, తాను బైండు చేసిన ఉపన్యాసముల సంపుటమును జతపరచి డేవీకి ఉత్తరము పంపెను. డిసెంబరు 24వ తేదీన డేవీ దయతో జవాబు వ్రాసెను. జనవరిలో పిలిచి మాటాడెను గాని, ఉద్యోగము ఖాళీ లేదనియు, బైండు పనిని వదలవద్దనియు సలహా యిచ్చెను. కొలది వారములకు ప్రయోగశాల సహాయకుడొకడు తగవులాడి పనినుండి తొలగింపబడెను. డేవీకి ఆ సంపుటము జ్ఞప్తికి వచ్చియుండును. 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆ స్థానమున నియమితుడయ్యెను. వారమునకు 25 షిల్లింగులు జీతము. భవనముపై అంతస్తున రెండు గదులు.

ఇందు అదృష్టము పాలు లేదనరాదు. ఆ తగవు జరుగకున్న ఖాళీయే ఉండెడిది కాదు. రీబో వంటి యజమాని, షిల్లింగు ఇచ్చిన అన్న, టిక్కెట్లు ఇచ్చిన పెద్దమనిషి అందరు కుర్రవాండ్రకు దొరకరు. అయినను ఖాళీ యేర్పడిన నాడు డేవీ ఎదుట నిదర్శనముగా నిలిచినది ఆ వ్రాతప్రతియే. బ్యాంక్స్‌కు పంపిన ఉత్తరములో కోరిక మాత్రమున్నది. డేవీకి పంపిన సంపుటములో పని ఉన్నది.

ఫారడే ఈ అలవాటును జీవితాంతము వదలలేదు. 1831 ఆగస్టు 29వ తేదీన విద్యుదయస్కాంత ప్రేరణను మొదట చూచిన ప్రయోగము ఆయన దినచర్య పుస్తకములో నమోదైయున్నది. 1832 నుండి ఆ పుస్తకములోని పేరాలకు వరుసగా అంకెలు వేయసాగెను. అవి 16 వేలు దాటినవి. ఎప్పుడో వ్రాసిన సందేహమును అంకెతో వెదకి పట్టుకొని, క్రొత్త ప్రయోగముతో కలుపుటకు ఈ ఏర్పాటు ఉపకరించెను.

వ్రాత ఏల సాయపడును?

నేటి మనశ్శాస్త్రజ్ఞులు ఈ అలవాటులోని కొంత భాగమును ప్రయోగములతో పరీక్షించిరి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో రోడిగర్, కార్పికీ అను పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగమొకటి ప్రసిద్ధము. కళాశాల విద్యార్థులు ఒక చిన్న శాస్త్రపాఠమును చదివిరి. తరువాత కొందరు దానినే మరల చదివిరి. మరికొందరు పాఠము చూడక, జ్ఞాపకమున్నంతవరకు కాగితముపై వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా మరల చదివినవారే మెరుగు: వారికి 81 శాతము, వ్రాసినవారికి 75 శాతము గుర్తున్నది. వారము గడచిన తరువాత లెక్క తారుమారైనది. మరల చదివినవారికి 42 శాతము మాత్రమే మిగులగా, వ్రాసినవారికి 56 శాతము నిలిచినది.

మరల మరల చదువుటవలన వచ్చు తృప్తి మోసకరమైనదని దీనినిబట్టి తెలియును. పాఠము పరిచయమైనట్లు తోచును గాని, జ్ఞాపకమునుండి వెలికి తీయు శక్తి పెరుగదు. పుస్తకము మూసి వ్రాయునప్పుడు ఆ శక్తికి సాధన కలుగును. అట్ట వెనుకనుండి ఎత్తి వ్రాసిన నివేదికలో ఈ సాధన లేదు.

వేసవిలో జరుగు నష్టము

సెలవులలో చదువు ఎంత వెనుకబడునను ప్రశ్న అమెరికాలో చాలకాలమునుండి పరిశోధనకు గురియైనది. హారిస్ కూపర్, ఆయన సహచరులు 39 అధ్యయనములను పరిశీలించి 1996లో ఒక సమీక్ష ప్రకటించిరి. వేసవి ముగియునాటికి విద్యార్థులు సగటున సుమారు ఒక నెల చదువుకు సమానముగా వెనుకబడుచున్నారని అందు తేలినది. పఠనములో మాత్రము పేద, మధ్యతరగతి పిల్లల నడుమ భేదము కనిపించినది: పేదపిల్లలు వెనుకబడిరి. ఈ నష్టపు పరిమాణమునుగూర్చి తరువాతి పరిశోధకులలో భిన్నాభిప్రాయములు కలవు. ఇంట పుస్తకము లేని బిడ్డకు బీరువా తాళము పడిన నాడే చదువు ఆగునను మాటకు మాత్రము వివాదము లేదు.

పుస్తకములు చేతికిచ్చినంత మాత్రమున చాలునా? ఇదే దేశములో జేమ్స్ కిమ్, థామస్ వైట్ అను పరిశోధకులు 3 నుండి 5 తరగతుల పిల్లలతో చేసిన అధ్యయనము 2008లో వెలువడెను. పుస్తకములు మాత్రమే పొందిన పిల్లలలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. చదివినదానిని ఎట్లు అర్థము చేసికొనవలెనో సెలవులకు ముందే ఉపాధ్యాయులవలన నేర్చుకొని పుస్తకములు తీసికొన్న పిల్లలు మాత్రము మెరుగైరి. రీబో పుస్తకములిచ్చెను, వాట్స్ గ్రంథము పద్ధతి నేర్పెను. రెండును కలిసినప్పుడే ఫలితము.

తెలుగునాట

తెలుగుదేశమునకును ఈ కథతో దగ్గర పోలిక కలదు. చంద్రశేఖర వేంకటరామన్ బాల్యము విశాఖపట్టణములో గడచెను. తండ్రి అచ్చటి ఎ. వి. ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. ఇంట పుస్తకములకు కొదవ లేదు. తన్ను ప్రభావితము చేసిన గ్రంథములను తరువాత పేర్కొనుచు రామన్ మూడింటిని చెప్పెను: ఎడ్విన్ ఆర్నాల్డ్ బుద్ధచరిత్ర కావ్యము, యూక్లిడ్ క్షేత్రగణితము, ధ్వనినిగూర్చి హెల్మ్‌హోల్ట్జ్ రచించిన గ్రంథము. మూడవది చదివి ఆయన మెచ్చుకొని ఊరకొనలేదు. వాద్యముల ధ్వనినిగూర్చి పరిశోధించి, వయొలిన్ తంత్రుల కంపనములను, మృదంగపు మూతలోని ప్రత్యేకతను వివరించెను. చదివిన పుస్తకమునకు ఇంతకంటె మంచి నివేదిక ఉండదు.

రామన్ ఇంట పుస్తకములున్నవి. లేని యిండ్ల మాటయేమి? ఆ లోటు తీర్చుటకే ఆంధ్రమున గ్రంథాలయోద్యమము పుట్టెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. దానికి అయ్యంకి వెంకటరమణయ్య ప్రాణము వంటివాడు. 1935లో కృష్ణా డెల్టా కాలువలలో పడవమీద గ్రంథాలయమును నడిపి ఒడ్డునున్న గ్రామములకు పుస్తకములందించిరి. చదువరి రాలేనిచోటికి పుస్తకమే పోవలెనని ఆ పడవ నేర్పిన పాఠము. సెలవులకు ముందు బీరువా తెరచి, తలకు రెండు పుస్తకములు ఇంటికిచ్చి పంపు ఉపాధ్యాయుడు ఆ పనినే చేయుచున్నాడు.

నివేదిక ఎట్లుండవలెను?

నివేదిక పిల్లవానిని పరీక్షించు సాధనము కాదు. పుస్తకమును పరీక్షించుటకు పిల్లవాని చేతికిచ్చు సాధనము. ఈ భేదము తెలిసిన ఉపాధ్యాయుడు పుటల సంఖ్యను అడుగడు. నాలుగు విషయములు అడిగిన చాలును.

మొదటిది: పుస్తకము మూసి, అది చెప్పిన ముఖ్యవిషయమును పది వాక్యములలో వ్రాయుట. రెండవది: గ్రంథకర్త చెప్పిన ఒక మాటను ఎన్నుకొని, దానికి ఆయన చూపిన ఆధారమేమో తెలుపుట. మూడవది: ఆ పుస్తకములోని ఒక సంగతిని స్వయముగా చేసియో, చూచియో, పెద్దల నడిగియో సరిచూచి, బొమ్మతో వ్రాయుట. నాలుగవది: చదివిన తరువాత కూడ తీరని ప్రశ్న ఒకటి వ్రాయుట. కథల పుస్తకమైనను ఇది చెల్లును. ఒక పాత్ర ఆ పని ఏల చేసినదో కథలోని ఆధారముతో చెప్పుటయు పరీక్షయే.

ఒక ఉదాహరణము. ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవులలో పిల్లలకొరకు క్రొవ్వొత్తినిగూర్చి ఇచ్చిన ఉపన్యాసములు 1861లో పుస్తకముగా వెలువడెను. ఆర్పిన క్రొవ్వొత్తి వత్తినుండి లేచు పొగ మండగల మైనపు ఆవిరియని అందున్నది. ఇది చదివిన పిల్లవాడు పెద్దల సమక్షమున, గాలి లేని చోట క్రొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, వెంటనే వత్తికి రెండంగుళముల పైన ఆ పొగకు అగ్గిపుల్ల చూపవలెను. మంట పొగవెంట దిగి వత్తి నంటుకొనును. ఎన్నిమార్లు చేసిన ఎన్నిమార్లు అంటుకొన్నది, ఆలస్యము చేసిన ఏమైనది, నూనెదీపముతో చేసిన ఏమగును - ఈ నాలుగు మాటలు వ్రాసిన కాగితము, అట్ట వెనుకనుండి ఎత్తి వ్రాసిన పది పుటలకంటె విలువైనది. దీనిని ఎవరును నకలు చేయజాలరు.

వ్రాయుట రానివాడు స్నేహితునకు ఉత్తరముగా వ్రాయవచ్చును. ఫారడే అట్లే నేర్చుకొనెను. బడి తెరచిన మొదటి వారమున ఒక గంట కేటాయించి ఆ నివేదికలను తరగతిలో చదివింపవలెను. వినువాడున్నాడని తెలిసిన పిల్లవాడు శ్రద్ధతో వ్రాయును. తీరని ప్రశ్నలను నల్లబల్లపై వ్రాసియుంచినచో, ఆ యేటి సైన్సు పాఠములకు వానికంటె మంచి ఆరంభము దొరకదు.